వైరల్ లోడ్ కాగితం చెప్పని సంగతి

హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడేవాళ్లకు వైరల్ లోడ్ పరీక్ష చేసినప్పుడు, కాగితం మీద ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అని వస్తే అంతకంటే మంచి కబురు లేదు. రక్తంలో వైరస్ మిషను లెక్కకు అందనంతగా తగ్గిపోయిందని, మందులు సరిగ్గా పనిచేస్తున్నాయని, కాపురంలో భార్యకో భర్తకో వైరస్ అంటదని దాని అర్థం. బరంపురం, గోపాలపూర్, పర్లాకిమిడి ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు, బయట ఒడియా మాట్లాడుకునే కుటుంబాల్లోనూ ఈ కాగితం విలువ తెలిసినవాళ్లు ఉన్నారు. ఏఆర్‌టీ కేంద్రం ఇచ్చే చికిత్స పుస్తకం, గ్రీన్ బుక్ మధ్యలో మడతపెట్టి, చుట్టాల కంట పడకుండా బట్టల అడుగున దాచుకునే కాగితం అది.

అయితే అది ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది: రక్తంలో వైరస్ ఎంత ఉంది? గర్భసంచి ముఖద్వారం ఎలా ఉంది, నోట్లో తెల్లమచ్చ ఉందా, మెడలో బిళ్ల ఎందుకు కట్టింది అనే ప్రశ్నలకు ఆ కాగితంలో జవాబు ఉండదు. పదిహేను, ఇరవై ఏళ్లుగా మందులు వాడుతూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల విషయంలో ఇప్పుడు అడగాల్సింది ఈ ప్రశ్నలనే. ఎయిడ్స్ చావును మందులు వెనక్కి నెట్టాయి. అలా మిగిలిన ఆయుష్షులోకి క్యాన్సర్ వస్తోంది. ఆ క్యాన్సర్లలో చాలావాటిని ముందే పట్టుకోవచ్చు, కొన్నింటిని రాకుండానే ఆపవచ్చు.

ముందుగా ఒక భయం తీసేయాలి. ఏళ్ల తరబడి ఇన్ని మాత్రలు మింగితే ఒళ్లు వేడి చేసి, ఆ మందుల వల్లే క్యాన్సర్ వస్తుందేమోనని చాలామంది అనుకుంటారు. జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం. 2015లో ఫలితాలు వెలువడిన ‘స్టార్ట్’ అనే పెద్ద పరిశోధనలో 35 దేశాల నుంచి 4,685 మంది పాల్గొన్నారు. అందరికీ రోగనిరోధక శక్తిని నడిపించే సీడీ4 కణాలు 500కు పైనే, అంటే చూడటానికి అంతా బాగున్నవాళ్లే. సగం మందికి మందులు వెంటనే మొదలుపెట్టారు, మిగతా సగానికి సీడీ4 తగ్గేవరకు ఆగారు. వెంటనే మొదలుపెట్టినవాళ్లలో 14 మందికి క్యాన్సర్ వస్తే, ఆగినవాళ్లలో 39 మందికి వచ్చింది. ఇన్‌ఫెక్షన్ల వల్ల వచ్చే క్యాన్సర్లను మాత్రమే లెక్కిస్తే తేడా ఇంకా ఎక్కువ: ఇటు ఆరుగురు, అటు 23 మంది. మాత్ర క్యాన్సర్ తెచ్చిపెట్టదు, అడ్డుపడుతుంది.

అయితే ఆ 14 మంది సంగతి కూడా మర్చిపోకూడదు. వెంటనే మందులు మొదలుపెట్టినా ముప్పు సున్నాకు దిగలేదు. ఎందుకు దిగదో తెలియాలంటే హెచ్‌ఐవీ, క్యాన్సర్ ఎక్కడ కలుస్తాయో చూడాలి.

ఒంట్లోకి చేరిన కొన్ని వైరస్‌లు బయటికి పోవు, ఓ మూల నక్కి ఉంటాయి. గర్భసంచి ముఖద్వారం, మలద్వారం, గొంతు లోపలి పొరల్లో ఉండే హెచ్‌పీవీ, తెల్ల రక్తకణాల్లో దాక్కునే ఎప్‌స్టీన్-బార్ వైరస్, కాలేయాన్ని పట్టుకునే హెపటైటిస్ బీ, సీ ఆ రకమే. రోగనిరోధక శక్తి గట్టిగా ఉన్నంతకాలం వీటిలో చాలావరకు అణగి ఉంటాయి. ఆ కాపలాను నడిపించే సీడీ4 కణాలను హెచ్‌ఐవీ చంపుతుంది కాబట్టి ఇవి తలెత్తుతాయి. అందుకే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ హెచ్‌ఐవీ-1ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అది కణాన్ని నేరుగా క్యాన్సర్‌గా మార్చడం కంటే, మిగతా వైరస్‌లకు దారి తీసి పెట్టడమే ఎక్కువ. మందులతో సీడీ4 తిరిగి పెరుగుతుంది కానీ, పడిపోయి ఉన్న ఏళ్లలో హెచ్‌పీవీ వేసిన పునాది దానంతట అదే చెరిగిపోదు. పైగా వైరల్ లోడ్ అందనంత తక్కువలో ఉన్నా ఒంట్లో లోలోపల కొంత వాపు, మంట ఏళ్ల తరబడి రగులుతూనే ఉంటాయి.

ఒడిశాలో బరంపురం ఉన్న గంజాం జిల్లాకు ఈ విషయం ప్రత్యేకంగా ఎందుకు వర్తిస్తుందో ఇక్కడే అర్థమవుతుంది. దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న ఎనిమిది కేంద్రాలతో మొదలైంది. తొలినాళ్లలో సీడీ4 200 కంటే కిందికి పడితేగానీ మందు ఇచ్చేవారు కాదు. తర్వాత ఆ గీతను 350కి, 500కి జరుపుతూ వచ్చి, 2017లో సీడీ4 ఎంతున్నా సరే, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందు ఇవ్వాలని నిర్ణయించారు. ఒడిశాలో హెచ్‌ఐవీ భారం ఎక్కువగా ఉన్న జిల్లా గంజాం. ఇక్కడి నుంచి సూరత్ మరమగ్గాలకు వలస దశాబ్దాల నాటిది. ఆ తొలి ఏళ్లలో జ్వరాలతో, విరేచనాలతో చిక్కి శల్యమై ఇంటికి చేరాకే పరీక్ష చేయించుకున్న మగవాళ్లు, వాళ్లతోపాటు పాజిటివ్ అని తెలిసిన ఇల్లాళ్లు మందు అందుకునే సరికి సీడీ4 అట్టడుగుకు పోయి ఉంది. ఎవరి సీడీ4 ఎంత లోతుకు పడిపోయి ఎంతకాలం అక్కడే ఉందన్నదాన్ని బట్టి తర్వాతి క్యాన్సర్ ముప్పు ఉంటుంది. అలా కష్టపడి బతికి బట్టకట్టిన ఆ తరానికి ఇప్పుడు నలభై అయిదు, యాభై అయిదు ఏళ్లు. హెచ్‌ఐవీ ఉన్నా లేకపోయినా క్యాన్సర్లు మొదలయ్యే వయసు అది. వాళ్ల విషయంలో వయసు, పాత నష్టం రెండూ ఒకేసారి కలిశాయి.

వలసతో ఇంకో చిక్కు ఉంది. సూరత్ రైలెక్కే ముందు మందు తెచ్చుకోవడం కుదరలేదనో, పక్కవాళ్లు డబ్బా చూస్తారనో రెండు మూడు నెలలు మానేసి, ఊరొచ్చాక మళ్లీ మొదలుపెడితే సరిపోతుందని అనుకోవడం. సరిగ్గా ఇలాంటి ‘ఆపి మొదలుపెట్టే’ పద్ధతినే ‘స్మార్ట్’ అనే పరిశోధనలో 5,472 మంది మీద పరీక్షించారు. సీడీ4 బాగున్నప్పుడు మందు ఆపి, తగ్గాక మళ్లీ ఇచ్చినవాళ్లలో అవకాశవాద జబ్బులు (రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు దాడి చేసేవి) లేదా మరణం, ఆపకుండా వాడినవాళ్ల కంటే 2.6 రెట్లు కనిపించాయి. 2006లో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే నిలిపేశారు. ఊరు వదిలే ముందు కేంద్రంలో చెబితే కొన్ని నెలల మందు ఒకేసారి ఇచ్చే వీలుంది. ఎక్కువ కాలం ఉండేవాళ్లు ట్రాన్స్‌ఫర్ కాగితం తీసుకుంటే గుజరాత్‌లోని ఏఆర్‌టీ కేంద్రంలోనే మందు ఉచితంగా ఇస్తారు. 1097కు ఫోన్ చేస్తే దగ్గర్లోని కేంద్రం ఎక్కడో చెబుతారు.

హెచ్‌ఐవీ ముదిరి ఎయిడ్స్ దశకు చేరిందనడానికి గుర్తుగా లెక్కించే క్యాన్సర్లు మూడు: కపోసి సార్కోమా, కొన్ని రకాల నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమాలు (శోషరస గ్రంథుల క్యాన్సర్లు), గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఇంటర్నెట్‌లో వెతికితే మొదట కనిపించేది కపోసి సార్కోమానే, చర్మం మీద ఊదా మచ్చల ఫొటోలతో. దానికి కారణమైన హెర్పిస్ జాతి వైరస్ మన దేశంలో తక్కువ కాబట్టి ఆ జబ్బు ఇక్కడ చాలా అరుదు. ఆ ఫొటోలు చూసి ఒంటి మీద ప్రతి మచ్చకూ టెన్షన్ పడనక్కర్లేదు. అమెరికాలో 1996–2012 మధ్య నాలుగున్నర లక్షల మంది హెచ్‌ఐవీ బాధితుల రికార్డులు చూస్తే, మొత్తం మీద క్యాన్సర్ ముప్పు సాధారణ జనం కంటే 69 శాతం ఎక్కువని తేలింది. మలద్వార క్యాన్సర్ 19 రెట్లు, హాడ్జ్‌కిన్ లింఫోమా ఏడెనిమిది రెట్లు, కాలేయ క్యాన్సర్ మూడు రెట్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్ రెండు రెట్లు. రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లు మాత్రం పెరగలేదు. ఈ అంకెల్ని ఉన్నవున్నట్టు గంజాంకు అంటించలేం, ఇక్కడి అలవాట్లు వేరు, ఇక్కడి వైరస్‌ల లెక్క వేరు. కానీ ఏ క్యాన్సర్లు పెరిగాయో చూస్తే దాదాపు అన్నింటి వెనుకా ఓ వైరసో పొగాకో ఉంది. ఇక్కడ కూడా పట్టుకోవాల్సింది ఆ రెండింటినే.

ఆడవాళ్లకు అన్నిటికంటే ముందు చెప్పాల్సింది గర్భసంచి ముఖద్వారం గురించి. హెచ్‌ఐవీ ఉన్న మహిళకు ఈ క్యాన్సర్ ముప్పు లేనివాళ్ల కంటే ఆరు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మామూలుగా హెచ్‌పీవీ సోకాక క్యాన్సర్‌గా మారడానికి 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీకి మందు వాడనివాళ్లలో అది 5 నుంచి 10 ఏళ్లలోనే జరగొచ్చు. అందుకే మిగతావాళ్లకు 30 ఏళ్లకు మొదలుపెట్టే పరీక్షను, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు 25కే మొదలుపెట్టాలని, మిగతావాళ్లు అయిదు నుంచి పదేళ్లకోసారి చేయించుకునే హెచ్‌పీవీ పరీక్షను వీళ్లు మూడు నుంచి అయిదేళ్లకోసారి చేయించుకోవాలని 2021లో ఆ సంస్థ సూచించింది.

ఇక్కడి ప్రభుత్వాసుపత్రుల్లో ఎక్కువగా చేసేది వీఐఏ అనే పరీక్ష. పేరు కొత్తగా ఉన్నా పని తేలిక. బల్ల మీద పడుకోబెట్టి, స్పెక్యులమ్‌తో దారి తెరిచి, ముఖద్వారం మీద దూదితో 3–5 శాతం ఎసిటిక్ యాసిడ్ అద్దుతారు. వంటింటి వెనిగర్‌లో ఉండేది కూడా అదే. కాస్త చల్లగా, కొందరికి కొంచెం చురుక్కుమన్నట్టు ఉంటుంది. నర్సు ఒక నిమిషం ఆగి, లైటు వేసి చూస్తుంది. ఆరోగ్యంగా ఉన్నచోట ముఖద్వారం గులాబీ రంగులోనే ఉంటుంది, మార్పు మొదలైనచోట స్పష్టమైన అంచుతో తెల్లని మచ్చ తేలుతుంది. మొత్తం అయిదు నిమిషాల పని. మచ్చ చిన్నదైతే, వేడి చేసిన చిన్న పరికరాన్ని ఆ చోట ఆనించి ఆ పొరను మాడ్చేస్తారు. కోత ఉండదు, కుట్టు ఉండదు, ఆ పూటే ఇంటికి వెళ్లిపోవచ్చు. ప్రాణాలు తీసే జబ్బును దాని పునాది దగ్గరే ఇంత తేలిగ్గా ఆపే సందర్భాలు వైద్యంలో ఎక్కువ లేవు. దేశంలో ఏటా లక్షా ఇరవై వేలకు పైగా మహిళలకు ఈ క్యాన్సర్ వస్తోందంటే, ఆ అయిదు నిమిషాలు వాళ్లకు దొరకలేదనే అర్థం.

వీఐఏకి ఒక పరిమితి ఉంది, అది మన ఏఆర్‌టీ తొలితరం మహిళలకు సరిగ్గా తగులుతుంది. ముట్లుడిగాక మార్పులు మొదలయ్యే చోటు ముఖద్వారం లోపలికి జరిగిపోతుంది, యాసిడ్ అద్దినా కంటికి కనపడదు. యాభై దాటినవాళ్లు ‘వీఐఏలో ఏమీ లేదన్నారు’ అని నిశ్చింతగా ఉండిపోకుండా, హెచ్‌పీవీ పరీక్ష గానీ, ముఖద్వారం కణాలను తీసి చూసే పాప్ స్మియర్ గానీ చేస్తారా అని అడగాలి.

తెల్లబట్ట ఎక్కువైందని, నడుం నొప్పి అని వెళ్లిన ఆడవాళ్లకు చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకోమనడం ఆంధ్ర, ఒడిశా రెండువైపులా ఉంది. ‘తీసేస్తే పీడ పోతుంది’ అన్న మాటకు తలూపే ముందు ముఖద్వార పరీక్ష తప్పకుండా జరగాలి. క్యాన్సర్ లోపల ఉందని తెలియక మామూలు పద్ధతిలో సంచి తీసేస్తే, ఆ తర్వాత చేయాల్సిన వైద్యం మరింత జటిలమవుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల విషయంలో పరీక్ష లేకుండా ఆ ఆపరేషన్‌కు ఒప్పుకోవడం చాలా ప్రమాదం. భర్తతో కలిశాక రక్తం కనపడినా, ముట్లుడిగిన తర్వాత ఎప్పుడైనా మళ్లీ రక్తం కనపడినా వాయిదా వేయకూడదు. ఇంట్లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలుంటే హెచ్‌పీవీ టీకా గురించి డాక్టర్‌ను అడగాలి. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావ్యాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. పుట్టుకతో హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకైతే కనీసం రెండు, వీలైతే మూడు డోసులు కావాలి.

ఇక లింఫోమా. దీన్ని పట్టుకోవడంలో మనవైపు జరిగే ఆలస్యానికి పేరు టీబీ. సాయంత్రం జ్వరం, రాత్రి పక్క తడిసేంత చెమట, బరువు తగ్గడం, మెడలోనో చంకలోనో బిళ్ల కట్టడం — ఇవన్నీ టీబీ లక్షణాలు. ఇవే లింఫోమా లక్షణాలు కూడా. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో టీబీ మామూలే కాబట్టి డాక్టర్ మొదట టీబీని అనుమానించడంలో తప్పు లేదు. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ముక్క పరీక్షకు పంపకుండా మందులు మొదలుపెట్టి, బిళ్ల తగ్గకపోయినా నెలలు గడిపేయడంలో. టీబీ బిళ్ల తరచూ ఒకదానికొకటి అతుక్కుని, మెత్తబడి, ఒక్కోసారి పగిలి చీము కారుతుంది. లింఫోమా బిళ్ల నొప్పి లేకుండా, రబ్బరు ముక్కలా గట్టిగా తగులుతూ, వారాల్లోనే నిమ్మకాయంత, అంతకు మించి పెరగొచ్చు. అయితే వేళ్లతో తడిమి తేల్చగలిగే తేడా కాదిది. సూదితో కాస్త లాగి చూసే ఎఫ్ఎన్ఏసీ చాలాసార్లు లింఫోమాను తేల్చలేదు. బిళ్ల మొత్తాన్నో, దాంట్లో ఓ మంచి ముక్కనో తీసి బయాప్సీకి పంపాలి. అదే ముక్కలో కొంత టీబీ కోసం సీబీనాట్ పరీక్షకూ పంపవచ్చు. టీబీ మందులు రెండు నెలలు సరిగ్గా వాడినా బిళ్ల పెరుగుతూనే ఉంటే, ‘ఇంకో నెల చూద్దాం’ అనే మాట దగ్గర ఆగిపోకుండా బయాప్సీ అడగడం రోగి హక్కు.

హెచ్‌ఐవీలో వచ్చే కొన్ని నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమాలు చాలా వేగంగా పాకుతాయి. వాటి విషయంలో పోయిన నెల తిరిగి రాదు. ఇంకో మాట: సీడీ4 బాగుందని లింఫోమా రాదనుకోవడానికి లేదు, ముఖ్యంగా హాడ్జ్‌కిన్ రకం మందులు వాడుతూ సీడీ4 పెరిగినవాళ్లలోనూ కనిపిస్తుంది. మంచి సంగతి ఏమిటంటే, ఏఆర్‌టీతోపాటు పూర్తి కీమో ఇస్తే ఈ రకం చాలామందిలో పూర్తిగా నయమవుతుంది.

పొగాకు గురించి ఈ ప్రాంతంలో ఎంత చెప్పినా తక్కువే. 2016–17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం ఒడిశాలో పెద్దవాళ్లలో 45.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. అందులో అత్యధికం నమిలేది, చిగుళ్లకు రుద్దుకునేది: ఖైనీ, గుట్కా, గుండి, గుడాకు. పళ్లు తోముకునే పేరుతో ఆడవాళ్లు గుడాకు అలవాటు చేసుకుంటారు, తర్వాత రోజుకు మూడు నాలుగు సార్లు వేలితో రుద్దనిదే తోచదు. దీనికి తోడు శ్రీకాకుళం, విశాఖ తీరం వెంబడి అడ్డపొగ ఒకటి. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీల్చడం అది. ఎక్కువగా పెద్ద వయసు ఆడవాళ్ల అలవాటు. నిప్పు సెగ నేరుగా అంగిట్లోకి తగులుతుంది కాబట్టి, మామూలుగా క్యాన్సర్ అంతగా రాని నోటి పైకప్పు మీద వస్తుంది. చేపల గంప దించి, నోరు కనపడకుండా చుట్ట పీలుస్తున్న మామ్మకు అంగిలి ఎలా ఉందో ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. మొదట అంగిలి పాలిపోయి తెల్లబడుతుంది, మధ్యలో చిన్న ఎర్ర చుక్కలు తేలతాయి. తర్వాత మందంగా పొక్కులు కడతాయి, లేదా పుండు పడుతుంది. తెల్లబడ్డ దశలో చుట్ట మానేస్తే వెనక్కి తగ్గే అవకాశం ఉంటుంది.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల విషయంలో పొగాకు లెక్క ఇంకా కఠినం. 2017లో అమెరికాలో వేసిన ఒక అంచనాలో, మందులు సరిగ్గా వాడుతూ సిగరెట్ మానని హెచ్‌ఐవీ బాధితులు ఎయిడ్స్ వల్ల కంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ వల్ల చనిపోయే అవకాశం 6 నుంచి 13 రెట్లు ఎక్కువని తేలింది. రోజూ రాత్రి ఠంచనుగా మాత్ర వేసుకుని తెల్లారేసరికి బీడీ వెలిగించేవాళ్లకు ఈ అంకెను ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి, తిట్టకుండా చెప్పాలి. మానాలనుకునేవాళ్లకు 1800 112 356 అనే ఉచిత నంబరు ఉంది. ఏఆర్‌టీ కేంద్రంలో మందు ఇచ్చేటప్పుడు ‘అమ్మా, ఒకసారి నోరు తెరవండి’ అని టార్చి వేసి చూడటానికి అర నిమిషం చాలు. చూడాల్సింది మూడు వారాలు దాటినా మానని పుండు, గీకినా పోని తెల్ల లేదా ఎర్ర మచ్చ, మూడు వేళ్లు నిలువుగా పట్టనంతగా బిగిసిన నోరు. నోటి పూత వేరు: హెచ్‌ఐవీలో వచ్చే ఫంగస్ తెల్లపొర గీకితే ఊడుతుంది, మందుతో తగ్గుతుంది.

కాలేయం సంగతి కొంత ఊరటే. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చే టీఎల్‌డీ మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ ఉంటాయి. వీటిలో మొదటి రెండూ హెపటైటిస్ బీ మీద కూడా పనిచేస్తాయి. అంటే హెపటైటిస్ బీ కూడా ఉన్నవాళ్లకు ఈ ఒక్క మాత్రే రెండింటికీ మందు. అలాంటివాళ్లు మాత్ర హఠాత్తుగా ఆపితే హెచ్‌ఐవీ సరే, కాలేయం కూడా ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. మందు మార్చేటప్పుడు కూడా ఈ సంగతి డాక్టర్‌కు గుర్తుచేయాలి. హెపటైటిస్ సీ ఉంటే దాదాపు మూడు నెలల మాత్రలతో నయమవుతుంది, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద అవి ఉచితం.

మలద్వారం దగ్గర రక్తం గురించి ఎవరూ నోరు విప్పరు. రక్తం పడితే మొలలు అని ఎవరికి వారే తేల్చుకుని, ఆపరేషన్ లేకుండా మొలలు నయం చేస్తామనే బోర్డు చూసి వెళ్లిపోతారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు, మగవాళ్లైనా ఆడవాళ్లైనా, అక్కడ హెచ్‌పీవీ వల్ల క్యాన్సర్ రావచ్చు. మగవాళ్లతో శారీరక సంబంధాలున్న మగవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. క్యాన్సర్‌కు ముందు దశలోనే చికిత్స చేస్తే ముప్పు 57 శాతం తగ్గిందని 2022లో ‘యాంకర్’ పరిశోధన చూపించింది. గడ్డ తగిలినా, రక్తం ఆగకపోయినా సర్జన్ వేలితో పరీక్షించి చూడనివ్వాలి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదక్కడ.

క్యాన్సర్ అని తేలాక సరిహద్దు కుటుంబానికి అసలు తిరుగుడు మొదలవుతుంది. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో ఏఆర్‌టీ కేంద్రం ఉంది. ఒడిశా ప్రభుత్వ పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి ఆచార్య హరిహర్ కటక్‌లో. భాష, చుట్టరికం, రైలు సౌకర్యం మాత్రం విశాఖ వైపు లాగుతాయి: అక్కడ ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆంధ్ర ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఒడిశా వాసులకు వర్తించదు. 2025లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, ఆ పథకం కింద నమోదైన ఆసుపత్రుల్లో రాష్ట్రం దాటినా కార్డు చెల్లుతుంది. బయల్దేరే ముందే ఆసుపత్రికి ఫోన్ చేసి, ఫలానా జబ్బుకు కార్డు పనిచేస్తుందో లేదో కనుక్కోవడం మంచిది.

కొత్త ఆసుపత్రిలో హెచ్‌ఐవీ సంగతి దాచేద్దామని చాలామందికి అనిపిస్తుంది. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, మొహం తిప్పుకున్నవాళ్లను చూసే పుట్టింది. కానీ క్యాన్సర్ డాక్టర్ దగ్గర దాస్తే ప్రాణానికే ముప్పు. రిటోనవిర్ ఉన్న ఏఆర్‌టీ మందులు వాడుతుంటే విన్‌క్రిస్టిన్ లాంటి కొన్ని కీమో మందులు రక్తంలో ప్రమాదకరంగా పేరుకుపోతాయి. జిడోవుడిన్ వాడుతుంటే కీమోతో కలిసి రక్తకణాలు మరీ పడిపోతాయి. డోలుటెగ్రావిర్‌తో ఈ చిక్కులు తక్కువ, అందుకే ఏఆర్‌టీ డాక్టర్ ముందే మందు మార్చగలరు. కీమో జరుగుతున్నంతకాలం ఏఆర్‌టీ ఆపకూడదు. హెచ్‌ఐవీ ఉందని చికిత్స నిరాకరించడాన్ని, అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమల్లో ఉంది. ఏఆర్‌టీ కౌన్సెలర్‌తో మాట్లాడి, క్యాన్సర్ డాక్టర్‌కు నేరుగా ఉత్తరం రాయించుకుంటే వరండాలో నలుగురి ముందు చెప్పుకోవాల్సిన అవసరం తప్పుతుంది.

క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లే సంచిలో గ్రీన్ బుక్, పాత సీడీ4, వైరల్ లోడ్ కాగితాలు, ఇప్పుడు వేసుకుంటున్న మందు డబ్బా, స్కాన్ సీడీతోపాటు ఇంకొకటి ఉండాలి. బయాప్సీ చేసిన ల్యాబ్ దగ్గర రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకుని వచ్చేస్తుంటారు. క్యాన్సర్ ఆసుపత్రిలో మాత్రం స్లైడ్లు, ముక్కను మైనంలో పోసి ఉంచిన బ్లాక్ అడుగుతారు, వాళ్లు సొంతంగా మళ్లీ చూసుకున్నాకే వైద్యం మొదలుపెడతారు. అగ్గిపెట్టె కంటే చిన్నగా ఉండే ఆ బ్లాక్ బరంపురంలో ఉండిపోతే, విశాఖ వెళ్లినవాళ్లు దానికోసం మళ్లీ వెనక్కి రైలెక్కాలి, లేదా మెడలో ఇంకోసారి కోయించుకోవాలి.